బొంగురు గొంతువాడి కోసం ప్రార్థన

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను. పన్నెండో ఏడు వచ్చినప్పటి నుంచి నేను చర్చిలో కళ్ళు మూసుకున్నప్పుడల్లా, నేనెన్నడూ చూడని ఒక పరదేశపు కుర్రాడి గొంతు కోసం ప్రార్థన చేసేదాన్ని. అందరూ వానల కోసమో, చెరువుల కోసమో, కాన్పుకు దగ్గరైన కోడళ్ళ కోసమో వేడుకునేవాళ్ళు. నేను మాత్రం, "ప్రభువా, వాడట్టా అరిచి అరిచి పాడతా ఉండాడు. ఆ గొంతు చీరుకుపోకుండా చూడు. ఎవరన్నా వాడికి మిరియాల పాలు కాచి ఇచ్చేటట్టు చెయ్యి" అని గొణుక్కునేదాన్ని.

వాడొక్కడే కాదు, వాళ్ళు నలుగురు. ముగ్గురు గిటార్లు వాయిస్తారు, ఒకడు డ్రమ్ములు వాయిస్తాడు. పేర్లు తెలియవు. రేడియోలో మాట్లాడే ఆయన ఇంగ్లీషు పేర్లను బెల్లం ముక్కల్లా చప్పరించి మింగేసేవాడు. అందుకని నేను వాళ్ళను "నా నలుగురు" అనుకునేదాన్ని. నలుగురిలో బొంగురు గొంతువాడి మీదే నాకు దిగులు.

వాళ్ళను మా ఇంటికి తెచ్చింది మా మామ, అంటే అమ్మ తమ్ముడు. కావలిలో ఎండురొయ్యల వ్యాపారం ఆయనది. విడవలూరు దాటి, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊరికి సరుకు కోసం వస్తూ పోతూ ఉండేవాడు. వచ్చినప్పుడల్లా తోలు సంచిలో ఒక ట్రాన్సిస్టరు తెచ్చేవాడు. ఆ సంచి రొయ్యల మూటల మీదే ప్రయాణం చేసేది. అందుకే ఈ రోజుకీ ఎండురొయ్యలు వేయిస్తున్న వాసన వస్తే నా చెవిలో డ్రమ్ము మోగుతుంది. సంగీతం అంటే మల్లెపూలూ వెన్నెలా గుర్తొచ్చేవాళ్ళు ఉంటారు. నాకు పులుసు గుర్తొస్తుంది.

మామకు సినిమా పాటలంటే ఇష్టం. సాయంత్రం పూట గోడ మీద ట్రాన్సిస్టరు పెట్టి సిలోను స్టేషను పట్టేవాడు. సముద్రం పక్కనే కావడాన, మధ్యలో అడ్డేమీ లేదన్నట్టు పాట నీళ్ళ మీదుగా నేరుగా మా గోడ మీదికొచ్చేది. ఒకరోజు ముల్లు కాస్త పక్కకు జరిగి నా నలుగురు వచ్చారు.

"థూ, ఏందీ అరుపులు! ఎవురో ఎవుర్నో కొడతా ఉన్నట్టుండాది" అని మామ మర తిప్పబోయాడు.

"మామా, ఉంచు" అన్నాను.

అమ్మ అన్నం గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అవ్వ నమలడం ఆపేసింది. నేను నోరు తెరిచి ఒకటి అడగడం ఆ ఇంట్లో అంత అరుదు. చుట్టాలొస్తే ధాన్యం గాదె వెనక దూరి, వాళ్ళు వెళ్ళేదాకా అక్కడే పుస్తకం చదువుకునేదాన్ని. మా నాయనకు కూతురున్న సంగతి కొందరు బంధువులకు చాలాకాలం తెలియదు. నాయన మిషను బళ్ళో టీచరు కాబట్టి ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు, గాదెకూ కొదవ లేదు. నాకింకేం కావాలి?

మామ నన్నొకసారి, ట్రాన్సిస్టరునొకసారి చూసి మర మీద నుంచి చెయ్యి తీసేశాడు. పాట అయ్యాక అవ్వ, "ఆ బిడ్డకు గొంతులో కఫం చేరినట్టుండాది" అంది. ప్రార్థన మొదలైంది ఆ మాటతోనే.

బ్యాటరీలు నీరసించినప్పుడు వాటిని ఎండలో పెడితే మళ్ళీ కాస్త ప్రాణం వచ్చేది. రొయ్యలు ఆరబోసిన చాప మీదే ఓ మూల వాటినీ ఆరబెట్టేవాళ్ళం. ఒకసారి ఒక బ్యాటరీ రొయ్యలతో పాటు మూటలోకెక్కి కావలి చేరింది. కొన్నావిడ దాన్ని చేత్తో పట్టుకుని అంగడికొచ్చి, "ఏమబ్బయా, ఈ రొయ్య ఎంత ఉడికినా మెత్తబడలేదే" అందట. ఈ కథ మామ చెప్పిందే కాబట్టి సగం నమ్మవచ్చు.

మరోసారి మామ మద్రాసు నుంచి హల్వా తెచ్చాడు. పొట్లం కట్టిన కాగితం మీద నలుగురు కుర్రాళ్ళ బొమ్మ ఉంది. చేతుల్లో గిటార్లు, జుట్టు చెవుల మీదికీ కనుబొమల మీదికీ పడుతోంది. నా నలుగురు వాళ్ళేనో కాదో నాకిప్పటికీ ఖాయంగా తెలియదు. ఆ రోజు మాత్రం వాళ్ళే అని తీర్మానించుకున్నాను. అవ్వ బొమ్మను దూరంగా పట్టుకుని చూసి, "ఏం మొక్కుకున్నారో పాపం, ఇంకా తీరినట్టు లేదు" అని జాలిపడింది. నా కళ్ళు మాత్రం ఒకడి మీదే నిలిచిపోయాయి. వాడి గొంతు మీద సరిగ్గా ఒక నెయ్యి మరక ఉంది. బొంగురు గొంతువాడు వీడే, సందేహం లేదు. ఆ వారం డైరీలో వాతావరణం, చదివిన పుస్తకం పేరు రాశాక, కింద "గొంతు: జాగ్రత్తగా ఉండాలి" అని రాసుకున్నాను.

ఇంతటి భక్తి ఉన్న మనిషికి తానూ ఏదైనా వాయించాలని ఉండదా? ఊళ్ళో గిటారు లేదు. డ్రమ్ము ఉందిగానీ అది దండోరా వేసేవాడిది. ఇక మిగిలింది చర్చిలోని లెగ్ హార్మోనియం. ఎప్పుడో దొరలు వదిలి వెళ్ళిన పెద్ద పెట్టె అది. కింద రెండు పెడళ్ళుంటాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే లోపలి తిత్తిలోకి గాలి వెళ్తుంది. తొక్కడం ఆపితే పాట మూలుగుతూ చచ్చిపోతుంది.

దాన్ని వాయించేది పెద్ద టీచరమ్మ. మా నాయనకు కూడా అక్షరాలు దిద్దించిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, నవ్వడం కూడా పెద్దగా అలవాటు లేదు. ఆమెకు చెవుడు వచ్చి కొన్నేళ్ళయింది. ఆమె ఒప్పుకోలేదు కాబట్టి ఊరు కూడా ఒప్పుకోలేదు. చెవి దగ్గర అరిచినా వినపడదుగానీ, వెనక బెంచీలో ఆడవాళ్ళు గుసగుసలాడితే ఆరాధన అయ్యాక వాళ్ళ దగ్గరికెళ్ళి, "ఆ చేపల పులుసు సంగతి ఇంటికి పోయినాక చెప్పుకోండి" అనేవారు. వాళ్ళు నోళ్ళు మూసుకుని, ఇదేం మహిమ అని ఒకరినొకరు చూసుకునేవాళ్ళు.

ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె తెరుచుకునే ఉండేవారు. ఒకసారి దొంగతనంగా కన్ను తెరిచి చూశాను కాబట్టి తెలుసు. పాస్టరు అయ్యగారి పెదవుల మీద ఆమెన్ కనపడగానే పెడల్ మీద కాలు వెయ్యాలి మరి. పాటకు కూడా అంతే, ముందు బెంచీలో కూర్చునే సంఘ పెద్ద నోరు చూసి దాని వెంట వాయించేవారు. ఆ పెద్దాయనకు వరి పొలాలు చాలా ఉన్నాయి, తొందర మాత్రం ఎక్కడా లేదు. ఒక్కో మాటనూ చెరుకు ముక్కలా నమిలి, రసం మింగి, తర్వాత మాటకు వెళ్ళేవాడు. దాంతో మా చర్చిలో పాటలు చాలా పొడుగ్గా ఉండేవి. పాట మొదట్లో నిద్రపోయిన పసిపిల్లలు నిద్ర లేచి పాలు తాగి మళ్ళీ నిద్రపోయేవాళ్ళు.

ఒక ఆదివారం ఆరాధన ముందు పెద్ద టీచరమ్మ నా రెక్క పట్టుకుని, "నా మోకాళ్ళు పోయినాయి. నీ కాళ్ళు ఇయ్యి పిల్లా, చేతులు నేను పెడతా" అన్నారు.

అలా నేను మొదట కాళ్ళుగా మాత్రమే చేరాను. బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నేను తొక్కేదాన్ని, ఆమె వాయించేవారు. హార్మోనియం వీపు ఎత్తుగా ఉండడం వల్ల దాని వెనక కూర్చుంటే జనానికి నా పాపిడి కూడా కనపడదు. గాదె తర్వాత నాకు దొరికిన గొప్ప చోటు అదే. ఇంకో సుఖం కూడా ఉంది. ఆమెకు వినపడదు కాబట్టి, బొంగురు గొంతువాడి కోసం పెదవులు కదుపుతూ నిశ్చింతగా ప్రార్థన చేసుకోవచ్చు.

కొన్నాళ్ళకు ఆమె ఎడమ చెయ్యి ఇచ్చారు. తర్వాత కుడి చెయ్యి కూడా ఇచ్చి, తాను పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. గడగడా నాలుగు మాటలు మాట్లాడలేని నేను ఆ పెట్టె వెనక కూర్చుంటే ఊరంతా నేను చెప్పినప్పుడు నోరు తెరిచేది, నేను చెప్పినప్పుడు మూసేది. ఇంట్లో నాకు ఒక మాట చెప్పే ధైర్యం లేదు. అక్కడ మాత్రం ఉంది.

చిక్కెక్కడ వచ్చిందంటే, పెద్ద టీచరమ్మలా నేను పొడగరిని కాను, పెట్టె మీదుగా నాకు పెద్దాయన నోరు కనపడదు. నాకు తెలిసిన తాళం ఒక్కటే, గోడ మీది ట్రాన్సిస్టరు నేర్పింది. ఎడమ చెయ్యి దానంతటదే గంతులు వేసేది. పాటలు చిక్కిపోయాయి. పిల్లలు సంతోషించారు, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చిన ఆడవాళ్ళు సంతోషించారు. పెద్దాయన సంతోషించలేదు.

ఒక సాయంత్రం నాయన సంఘం కమిటీ నుంచి ఇంటికొచ్చి కండువా తీయకుండానే నవారు మంచం మీద కూర్చున్నాడు.

"పెద్దాయన ఏమన్నాడో తెలుసునా? 'అందరూ కూర్చున్నారయ్యా, నేనింకా రెండో చరణంలోనే ఉండా. ఒక్కణ్ణే నిలబడి ఎవురికి పాడాల?' అని అడిగినాడు."

మామ పకపకా నవ్వాడు. "ఆ మిగిలిన చరణాలు దాచిపెట్టుకోమను బావా. వచ్చే ఆదివారం పాడుకుంటాడు."

"నవ్వులాట కాదు. కోతల పండక్కి చూస్తారంట. ఆ రోజు కూడా పాట పెద్దోళ్ళని వదిలేసి పరిగెత్తితే పెట్టెకు తాళం. కావలి నుంచి ఎవరో అబ్బాయి చేతి హార్మోనియం తెచ్చుకోని వస్తాడంట." నాయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకేమన్నా తొందరా? పాట మధ్యలో యాడికన్నా పోవాల్నా?"

నేను తల అడ్డంగా ఊపి గాదె వెనక్కి వెళ్ళిపోయాను. ఆ రోజు పుస్తకం తెరిచాను గానీ ఒక్క అక్షరం కూడా ఎక్కలేదు. ఆ పెట్టె పోతే నాకు మిగిలేది ఈ గాదె ఒక్కటే.

అందుకని నెమ్మది నేర్చుకోవడం మొదలుపెట్టాను. నా నలుగురి పాటల్లో నెమ్మదైనవి ఉన్నా, వాటిలోనూ డ్రమ్ములవాడు కాలు నిలపడు. చివరికి గురువు ఇంట్లోనే దొరికింది. అవ్వ తాంబూలం నమిలే తీరు ఉంది చూశారా, దానికి మించిన తాళం లేదు. ఎదురుగా కూర్చుని, ఆమె దవడ పైకి పోతే ఒక వేలు, కిందికొస్తే ఒక వేలు పీట మీద వేస్తూ సాధన చేశాను.

"ఏందే, నా మొగం అట్టా చూస్తా ఉండావు? ఆకు కావాల్నా?" అని అడిగింది అవ్వ.

"వద్దవ్వా, నువ్వు నములు" అన్నాను.

కోతల పండుగ అంటే మా ఊళ్ళో క్రిస్మస్ కంటే సందడి. ఇంటికొకరు తమ కష్టంలో మొదటి భాగం పట్టుకుని వరసగా ముందుకు నడుస్తారు. రైతులు వడ్లూ గుమ్మడికాయలూ, పాలెంలోని జాలర్లు చేపలూ పీతలూ, ఏమీ లేని వాళ్ళు ఒక గుడ్డయినా తెస్తారు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ బయట చెట్ల నీడన వేలం వేస్తారు. ఆ వరస నడిచేంతసేపూ ఒకే పాట నడవాలి. చివరి మనిషి కానుక కింద పెట్టేదాకా పాట ఆగకూడదు, ఆగితే ఆ ఏడు సగం పంటే అని మా వాళ్ళ నమ్మకం. అయ్యగారు అది మూఢనమ్మకమని ప్రసంగాల్లో చెప్పేవారు. పండుగ రోజు మాత్రం ఆయనే హార్మోనియం వైపు భయంగా చూస్తూ ఉండేవారు.

ఆ రోజు మొదటి పాటలన్నీ అవ్వ దవడ మీద నడిపించాను. పెద్దాయన గొంతు అన్ని గొంతుల కంటే ముందు, తృప్తిగా, పందిట్లో పెళ్ళి పెద్దలా వినపడింది. పెద్ద టీచరమ్మ స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. మెచ్చుకుంటున్నట్టు మాత్రం లేదు.

వరస మొదలైంది. కానుకలు పెట్టే చోటు నా పక్కనే. గుమ్మడికాయలు వచ్చాయి, కోళ్ళు వచ్చాయి. పాలెం నుంచి ఒకాయన పీతల బుట్ట తెచ్చి నా కుడి పక్కన పెట్టాడు. డెక్కలకు నార కట్టే ఉంది, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్కటీ బుట్ట అంచు ఎక్కి, చుట్టూ చూసి, చర్చిలో ఇన్ని చోట్లుండగా హార్మోనియం కిందికే వచ్చింది.

దాని కళ్ళు పుల్లల మీద పెట్టిన ఆవగింజల్లా ఉన్నాయి. నా కుడి పాదాన్ని పరీక్షగా చూసింది. కాళ్ళు పైకి లాక్కుంటే గాలి పోతుంది, పాట ఆగుతుంది, ఊరికి సగం పంట, పెట్టెకు తాళం. అరవచ్చు, కానీ నేను ఎప్పుడూ అరవలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు. కాబట్టి తొక్కాను. కుడి పెడల్ దగ్గరికి పీత రాగానే కుడి కాలు లేపి ఎడమ తొక్కాను. ఎడమకొస్తే కుడి తొక్కాను. పీతకు కూడా ఈ ఆట నచ్చినట్టుంది, అది అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టింది. నా కాళ్ళు దాని కంటే జోరుగా ఆడాయి. అవ్వ దవడ ఎటు పోయిందో తెలియదు, డ్రమ్ములవాడు కాళ్ళలోకి దిగాడు. కాళ్ళు వెళ్ళిన చోటికి చేతులు వెళ్ళాయి.

వరస ఉలిక్కిపడి కదిలింది. వెనకవాళ్ళు ముందువాళ్ళను తోశారు. కోళ్ళు కొక్కొక్కొమన్నాయి. చప్పట్లు మొదలయ్యాయి. భుజం మీద పెద్ద బూడిద గుమ్మడికాయతో నిలబడిన పెద్దాయనకు ఆగడానికి చోటు లేదు. ఏటా మధ్యలో రెండుసార్లు బెంచీ మీద కూలబడి ఆయాసం తీర్చుకునే మనిషి, ఆ రోజు గుమ్మడికాయతో సహా పరుగులాంటి నడకతో వచ్చేస్తున్నాడు. నోరు మాత్రం పాడుతూనే ఉంది, ఈసారి పాటతో పాటే ఉంది.

అప్పుడు పెద్ద టీచరమ్మ స్టూలు మీద నుంచి లేచారు. ఆమె కళ్ళకు అందనిది ఉండదు. ఖాళీ వడ్ల బుట్ట ఒకటి తీసుకుని, వంగి, పీత మీద బోర్లించి, దాని మీద ఒక కాలు వేసి నిలబడ్డారు.

పీత లేదు. ఇక నేను నెమ్మదించవచ్చు. నెమ్మదించాలి కూడా, పెద్దాయన ఎదురుగా ఉన్నాడు, కమిటీ అంతా చూస్తోంది. నేను పెద్ద టీచరమ్మ మొహం చూశాను. ఆమె గడ్డం పైకెత్తి, బుట్ట మీది కాలితో ఒకసారి టప్‌మని కొట్టారు. మళ్ళీ కొట్టారు. నా తాళమే.

నేను నెమ్మదించలేదు. వరస చివర గుడ్డు పట్టుకున్న ముసలమ్మ దాన్ని కింద పెట్టేదాకా అదే జోరుతో వాయించాను. అంతవరకూ నేనెవరికీ అంత పెద్ద మాట చెప్పి ఉండను.

బయట వేలంలో మొదట పెట్టింది ఆ పీతనే. మా దగ్గర కొన్నవాళ్ళు సరుకును తిరిగి ఇచ్చేసి మళ్ళీ వేలం వెయ్యమనడం మర్యాద. అలా ఆ పీత సాయంత్రం దాకా చేతులు మారుతూనే ఉంది. పెద్దాయన దాన్ని ఒకసారి కొని, తిరిగి ఇచ్చి, చెమట తుడుచుకుంటూ మా నాయన దగ్గరికొచ్చాడు. నేను నాయన వెనక ఉన్నాను.

"ఇన్నేళ్ళూ పాటని నేను లాగినా టీచరయ్యా. ఇయ్యాల అది నన్ను లాక్కొచ్చింది. మోకాళ్ళు ఉండాయో లేవో తెలవకుండా వచ్చిపడ్డా" అని కాసేపు రొప్పాడు. "అయితే ఒకటి. నెలకొక ఆదివారం మాత్రం నాకు కావాల. ఆ రోజు నెమ్మదిగా వాయించాల్సిందే. తక్కినయన్నీ ఆ పిల్ల ఇష్టం."

"తాళం సంగతి?" అన్నాడు నాయన.

"తాళం పీతల బుట్టకి వెయ్యమను" అన్నాడు పెద్దాయన.

ఇప్పుడు నాకు ఇరవై దాటాయి. ఆ పెట్టె వెనక ఇంకా నేనే కూర్చుంటున్నాను. నెలకొక ఆదివారం అవ్వ దవడ మీద, తక్కిన ఆదివారాలు నా నలుగురి మీద చర్చి నడుస్తోంది. మామ ట్రాన్సిస్టరు ముసలిదైంది. నా నలుగురూ ఇప్పుడు మీసాలు పెంచారని, ఏవేవో పాడుతున్నారని విన్నాను.

పెద్ద టీచరమ్మ ఆ పండుగ తర్వాత వారంలోనే వాకాడులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. హార్మోనియం అప్పగించడానికి మనిషి దొరికేదాకా ఆగానని నాయనతో అన్నారట. ఏడాది తిరక్కుండానే అక్కడే పోయారు. ఆమెను బస్సెక్కించడానికి నేనూ వెళ్ళాను. పెట్టెలు పైకెక్కించాం, ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, తన గొంతు తనకు వినపడని వాళ్ళు మాట్లాడినట్టు బస్టాండంతా తిరిగి చూసేలా అరిచారు:

"అడగడం మరిచినా పిల్లా! ఆ గొంతు బొంగురు పోయిన పిల్లోడికి ఎట్టా ఉంది ఇప్పుడు? నేను కూడా రోజూ ప్రార్థన చేస్తానే ఉండా, కాస్తన్నా తగ్గిందా?"